కిరీటం కింది దొంగ

ఒకానొక రాజ్యంలో, రాజుగారి ఒట్టి తల చూసిన మగవాడు ఒక్కడే ఉండేవాడు. ఆ రాజ్యం పేరు వెదురుకోట. రాజు పేరు ఉద్దండభూపతి. ఆయన తల చూసిన ఆ ఒక్కడూ ఆస్థాన మంగలి ఎల్లమంద.

రోజూ దర్బారులో కూర్చునే రాజు తల ఎవరికీ తెలియకపోవడమేమిటని అనుమానం రావచ్చు. కూర్చునేవాడే, కాని కిరీటంతో కూర్చునేవాడు. అంతఃపురంలోకి వెళితే జరీ తలపాగా చుట్టేవాడు. పడుకునేటప్పుడు పట్టు కుళ్లాయి పెట్టుకునేవాడు. రాజు ఒట్టి తలతో కనబడితే రాజ్యానికి అరిష్టమని ఆ వంశంలో ఏ తాతో చెప్పాడట. అప్పటినుంచి కన్నకొడుకు కూడా తండ్రి నెత్తి చూసి ఎరగడు. కట్టుకున్న రాణికి చూడక తప్పదు గనక, ఆవిడ చూసినా చూడనట్టే ఉండాలి.

కిరీటం సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. బయటనుంచి చూసేవాడికి అందులో రత్నాలు కనబడతాయి. లోపల మాత్రం రాళ్ళను బిగించిన తీగెల మొనలు ఉంటాయి. అవి నెత్తికి గుచ్చుకోకుండా లోపల దూదిమెత్త కుట్టాలి. జుట్టు ఒత్తుగా ఉన్నచోట పలచని గుడ్డ చాలు. పలచబడ్డచోట మెత్త మందంగా వెయ్యాలి, లేకపోతే కిరీటం వదులై చెవి మీదికి జారుతుంది. ఈ కుట్టుపని కంసాలికి గాని, దర్జీకి గాని ఇవ్వడానికి లేదు. వాళ్ళు ఆ తల చూడకూడదు కదా! అందుచేత ఆ పనీ మంగలిదే. ఖజానాలో దాచిన పాత కిరీటాల మెత్తలకు పురుగు పట్టకుండా, ఏటా దసరాకు ముందు తలుపులు మూసుకుని దులిపి పెట్టేదీ అతనే.

అందుకే కొత్త రాజు పట్టాభిషేకం నాడు ఆస్థాన మంగలి తన కత్తి మీద చెయ్యివేసి ప్రమాణం చేసేవాడు. "కిరీటం కింద నేను చూసింది నా నోటితో ఎవరికీ చెప్పను." తప్పితే తల పోతుంది. ఎల్లమంద ముత్తాత, తాత, తండ్రి ఈ ప్రమాణమే చేశారు. ఒకరి సంగతి ఒకరికి చెప్పుకోకుండానే పోయారు.

ఉద్దండభూపతికి అప్పుడు ముప్పై ఆరేళ్ళు. నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి తగ్గడం మొదలై ఆరేళ్ళయింది. నడినెత్తిన అప్పమంత మేర నున్నబడి మూడేళ్ళయింది. చెవుల పైన, మెడ వెనక మాత్రం నల్లగా, ఒత్తుగా ఉంది. ఆయనకు యుద్ధమంటే భయం లేదు, కరువంటే భయం లేదు. దువ్వెనలో వెంట్రుక కనబడితే మాత్రం ఆ పూట అన్నం సయించేది కాదు.

రాజవైద్యుడు నాగేశభట్టు తల చూడకుండానే, రాజు చెవిలో చెప్పింది విని గుంటగలగరాకు నూనె రాయించాడు. మందారపువ్వుల ముద్ద పెట్టించాడు. చివరికి అడవినుంచి ఎలుగుబంటి కొవ్వు తెప్పించాడు. తలపాగా మీద ఈగలు ముసిరాయిగాని వెంట్రుక మొలవలేదు.

ఇంతలో మహారాణి రాజకుమారుణ్ణి కన్నది. బిడ్డకు మూడో నెల వచ్చేసరికి ఆవిడ జుట్టు గుప్పిళ్ళతో రాలడం మొదలైంది. దిండు మీద వెంట్రుకలు, చీర కుచ్చిళ్ళలో వెంట్రుకలు, పాలగిన్నెలో వెంట్రుకలు. ఆవిడ అద్దం బోర్లించేసి ఏడుస్తూ కూర్చుంది. మహారాణికి తల దువ్వి జడ వేసేది ఎల్లమంద భార్య గురవమ్మ.

భార్యాభర్తలిద్దరి జుట్టూ రాలుతోంది, రెండు తలల మీదా చెయ్యి వేసేది ఒక్క ఇంటివాళ్ళే. నాగేశభట్టుకు ఇంతకంటే మంచి దారి దొరకదు. తన నూనెలు పనిచెయ్యకపోవడానికి కారణం చేతబడి అన్నాడు. భటులు గురవమ్మ గది వెతికారు. చూరుకింద ఒక కుండ దొరికింది. నిండా వెంట్రుకల చుట్టలు, ఒక్కొక్క చుట్టకు ఒక్కొక్క పసుపుదారం.

"మహారాణిగారి సవరానికి దాచానయ్యా. రాజుల ఇంట్లో జడలో వేరేవాళ్ళ వెంట్రుక కలపకూడదు" అన్నది గురవమ్మ.

"మంత్రగత్తెలందరూ ఇదే చెబుతారు" అన్నాడు నాగేశభట్టు.

రాజు తీర్పు చెప్పాడు. వచ్చే శుక్రవారం పొద్దున దర్బారులో గురవమ్మకు గుండు గీయాలి. తరవాత ఏనుగుల బురుజు మీదనుంచి కిందికి తోసెయ్యాలి. కోటలో మంగలికత్తి పట్టేది ఒక్క ఎల్లమంద వంశమే గనక, గుండు గీసేది ఎల్లమందే.

* * *

తీర్పు చెప్పిన మర్నాడు సోమవారం. సోమవారం రాజుగారి క్షౌరం.

ఎల్లమంద పొది విప్పి కత్తి తోలుపట్టా మీద నూరుతున్నాడు. ఆ గదిలో ఎప్పుడూ లేనిది ఆ రోజు ఇద్దరు భటులు కత్తులు దూసి నిలబడ్డారు. కాని రాజు కిరీటం తియ్యబోతూ "వెనక్కి తిరగండి" అన్నాడు. ఆచారం ఆచారమే. ఇద్దరూ గోడవైపు తిరిగారు. అంటే మంగలి మీద కావలి పెట్టారేగాని, మంగలిని చూసేవాడు ఎవడూ లేడు. ఆ సంగతి గదిలో నలుగురికీ ఒక్కసారే తెలిసింది.

ఎల్లమంద నీళ్ళు తడిపి గడ్డం కింద కత్తి ఆనించాడు. గురవమ్మను పట్టుకుపోయిన దగ్గరనుంచి అతనికి నిద్ర లేదు. కత్తి పట్టిన చేతికి మాత్రం ఆ సంగతి తెలియనివ్వలేదు.

"చెయ్యి వణుకుతోందేం ఎల్లమందా?" అన్నాడు రాజు, పెదవులు కదిలీ కదలకుండా.

"నా చెయ్యి కాదు ప్రభూ. తమ మెడ."

కత్తి చప్పుడు ఒక్కటే వినబడింది.

"నీ పెళ్ళానికి శిక్ష వేసినవాడి గొంతు మీద కత్తి పెట్టుకున్నావు. నీకేమీ అనిపించడం లేదా?"

"అనిపిస్తోంది ప్రభూ. ఇక్కడ పుట్టుమచ్చ ఉంది, నెమ్మదిగా గీయాలనిపిస్తోంది."

పుట్టుమచ్చ దాటింది. రాజు ఊపిరి వదిలాడు. ఆ ఊపిరితోపాటు ఆయన మనసులోది కూడా, భటులకు వినబడకుండా గుసగుసగా బయటికి వచ్చింది. "మేము కఠినులం కాము. భట్టుగారు గట్టిగా చెప్పారు. అది పోయిన నలభై రోజులకు మహారాణి జుట్టు నిలుస్తుందట, మాదీ మొలుస్తుందట."

అప్పటిదాకా ఎల్లమంద అది రాణిగారి బాధ కోసం వేసిన శిక్ష అనుకున్నాడు. తన భార్య చావబోయేది ఈ అప్పమంత నున్నటి చోటు కోసం! ఆ చోటు ఎక్కడినుంచి వచ్చిందో అతనికి తెలుసు. ఖజానాలోని మూడు కిరీటాలూ ఏటా తన చేతుల్లోంచే వెళతాయి. ఒక్క మాట చెబితే చాలు. ఆ ఒక్క మాటే చెప్పడానికి లేదు. చెబితే ప్రమాణం తప్పిన మంగలి మాట అవుతుంది. తన తల పోతుంది, తరవాత ఆమె తలా పోతుంది.

అతను కత్తి తుడిచి, మడిచి, పొదిలో పెట్టాడు. రాజు కంటికి కనబడేటట్టు పెట్టాడు. అప్పుడు చేతులు జోడించాడు.

"ప్రభూ, తల వెంట్రుకలతోనే బతికే ఇల్లు మాది. జుట్టు దొంగను కనిపెట్టడం వైద్యుడికంటే నాకే బాగా తెలుసు. దొంగను శుక్రవారం దర్బారులో చూపిస్తాను. చూపించలేకపోతే గురవమ్మతోపాటు నన్నూ బురుజు మీదనుంచి తోయించండి."

"గురవమ్మ కాక వేరే దొంగా? ఎవడు?"

"నోటితో చెప్పను ప్రభూ, చూపిస్తాను. కాని ఒక్క మాట ఇప్పించాలి. దొంగ ఎవరని తేలినా, పెద్దవాడైనా, చిన్నవాడైనా, గురవమ్మకు వేసిన శిక్షే వెయ్యాలి."

ఉద్దండభూపతికి పౌరుషమెక్కువ. "మా ఇంటివాడైనా సరే. మా తండ్రి, తాత, ముత్తాతల కిరీటాల మీద ఒట్టు" అన్నాడు.

"అయితే ఆ కిరీటాలు కూడా శుక్రవారం దర్బారుకు తెప్పించండి ప్రభూ. ఒట్టు పెట్టుకున్నవి సాక్ష్యానికి ఉండాలి కదా!"

రాజుకు అది మర్యాదగానే తోచింది. సరేనన్నాడు. గోడవైపు తిరిగి ఉన్న భటుల్లో ఒకడు మాత్రం మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

* * *

గురువారం మధ్యాహ్నం చెరసాలకు వెళ్ళడానికి అనుమతి దొరికింది. గురవమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతులకు తాళ్ళు. జడ మాత్రం చక్కగా వేసుకుంది. ఆ కట్లతో ఎలా వేసుకుందో ఆవిడకే తెలియాలి.

"నా నెత్తి మీద కత్తి పెట్టేది నువ్వేనటగా" అన్నది భర్తను చూసి. "బాగా నూరి తీసుకురా. లాగిందంటే ఊరుకోను."

ఎల్లమంద నవ్వబోయాడు. నవ్వు రాలేదు. అతను ఊచల దగ్గర కూర్చుని, నెమ్మదిగా అడిగాడు. "ఆ కుండలో చుట్టలు ఎప్పటినుంచి ఉన్నాయే?"

"మహారాణి కాపరానికి వచ్చిన నెలనుంచి. నెలకు ఒకటి. ఏ నెలదో దారం ముడి చూస్తే చెబుతాను."

"ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా రాలిందా?"

"రాలకపోవడమేం? పాప పుట్టినప్పుడు ఇంతకు ఇంతా రాలింది. మొదటి కాన్పు పుట్టింట్లో గదా, నన్ను తోడు పంపారు. అక్కడివాళ్ళు ఆ ఊరి బావినీళ్ళు పడలేదన్నారు. బావి మార్చారు. ఆరేడు నెలలకు దానంతట అదే ఆగింది. నీళ్ళకు పేరొచ్చింది."

నీళ్ళ మీద నింద వెయ్యడం మనవాళ్ళకు ఎప్పటినుంచో అలవాటు. జలుబు చేసినా నీళ్ళే, జుట్టు రాలినా నీళ్ళే. బావి నోరు విప్పదు గనక ఎవరికీ ఇబ్బంది లేదు. ఈసారి కాన్పు అత్తవారి కోటలో జరిగింది. ఇక్కడి బావి రాజుగారిది. రాజుగారి బావిని ఎవరూ అనలేరు గనక గురవమ్మను అన్నారు.

"మరి ఆ సంగతి చెప్పకపోయావా?"

"చెప్పనిస్తే గదా! నోరు తెరిస్తే మంత్రం చదువుతానని నా మాట వినొద్దన్నాడు ఆ భట్టు. మహారాణి ఒకసారి చెప్పబోతే, ఆవిడ మీద నేనే ఏదో ప్రయోగించానన్నాడు." ఆవిడ గొంతు తగ్గించి అన్నది. "ఏమయ్యా, నీకు ఏదో తెలుసు. పదేళ్ళుగా ఏదో తెలిసిన మొహమే నీది. నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగను. కాని నీ మాట తప్పి నన్ను బతికించొద్దు. ఇద్దరం పోతే ఇంట్లో మన పిల్ల ఎవరి చేతుల్లో పెరుగుతుంది?"

ఎల్లమంద లేచాడు. "నోటితో చెప్పనన్నానేగాని, చేతులతో చూపించనని అనలేదే" అన్నాడు. ఆవిడకు అర్థం కాలేదు. అతను వివరించనూ లేదు.

* * *

శుక్రవారం దర్బారు నిండిపోయింది. వెదురు చిక్కుతెర వెనక రాజమాత, మహారాణి, అంతఃపురం ఆడవాళ్ళు కూర్చున్నారు. నడుమ పీట మీద గురవమ్మ. ఎదురుగా ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద మూడు పాత కిరీటాలు, వాటి పక్కన ఆ వెంట్రుకల కుండ. కిటికీలోంచి చూస్తే ఏనుగుల బురుజు కనబడుతుంది. అక్కడ అప్పటికే ఇద్దరు తలారులు ఎదురుచూస్తున్నారు.

రాజు తన ఒట్టు అందరి ముందూ మళ్ళీ చెప్పాడు. రాజకుటుంబంలో ఎవరి జుట్టు ఎవరు అపహరించినా, పెద్దయినా చిన్నయినా, గుండు, బురుజు. మాట గంభీరంగా చెప్పాడు. ఆయనకు ఇలా చెప్పడమంటే ఇష్టం.

"కానియ్" అన్నాడు.

ఎల్లమంద భార్య జడ విప్పాడు. చెంబుతో నీళ్ళు పోసి తల తడిపాడు. కత్తి తీశాడు. తెర వెనక ఎవరో వెక్కిన చప్పుడు. కత్తి నుదుటిదాకా తెచ్చి ఆపాడు.

"ప్రభూ, గీసిన గుండుకు మళ్ళీ జుట్టు అతికించలేను. ముందు దొంగలను చూపించి, తరవాత గీస్తాను."

"దొంగలా? ఎంతమంది?"

"ఇద్దరు ప్రభూ. ఇద్దరూ ఈ కోటవాళ్ళే. మొదటివాణ్ణి తమరొక్కరే చూడాలి. సింహాసనం దిగి ఈ బల్ల దగ్గరికి దయచెయ్యండి."

నాగేశభట్టు లేచాడు. "మహారాజా, ఇది మాయ. మంగలివాడు చెప్పినట్టు సింహాసనం దిగడం అప్రతిష్ఠ."

ఎల్లమంద అతనివైపు తిరిగి, ఎంతో వినయంగా అన్నాడు. "భట్టుగారూ, కిరీటం కింద చూసింది చెప్పనని నేను ప్రమాణం చేశాను. తలపాగా కింద చూసింది చెప్పనని ఎప్పుడూ చెయ్యలేదు. తమకు క్షౌరం చేసేదీ నేనే."

నాగేశభట్టు తలపాగా రెండు చేతులతో సర్దుకుని కూర్చున్నాడు. ఆ తరవాత లేవలేదు.

రాజు దిగి వచ్చాడు. ఎల్లమంద ఒక్క మాటా మాట్లాడకుండా ముత్తాత కిరీటాన్ని తలకిందులుగా తిప్పాడు. తరవాత తాతది. తరవాత తండ్రిది.

ఏటా దసరాకు పూలు పెట్టి మొక్కిన కిరీటాలే అవి. రాజు వాటిని లోపలివైపునుంచి ఎన్నడూ చూడలేదు. ముత్తాత కిరీటంలో నుదుటి దగ్గర రెండు పక్కలా రెండు నెలవంక మెత్తలు, నడిమధ్య అప్పమంత గుండ్రటి మెత్త. తాత కిరీటంలోనూ రెండు నెలవంకలు, నడిమధ్య ఒక అప్పం. తండ్రి కిరీటంలో అవే రెండు నెలవంకలు. నడిమి మెత్త మాత్రం అప్పం దాటి అరిసెంత అయింది.

రాజు చెయ్యి తెలియకుండానే తన కిరీటం మీదికి వెళ్ళింది. ఎండాకాలంలో ఎక్కడెక్కడ మెత్త దురద పెడుతుందో ఆయనకు బాగా తెలుసు. రెండు పక్కలా, నడినెత్తిన.

ఎల్లమంద ఆయనకొక్కడికే వినబడేటట్టు అన్నాడు. "మొదటి దొంగకు గుండు గీసే శ్రమ నాకు లేదు ప్రభూ. పని ఎప్పుడో పూర్తయింది." తరవాత గొంతు పెంచి, దర్బారంతా వినేటట్టు అడిగాడు. "పేరు చెప్పమని సెలవా? ప్రమాణం నుంచి విడిపిస్తే ఇక్కడే చెబుతాను."

రాజు మొహంలో రంగు మారింది. పేరు చెప్పిస్తే మూడు తరాల రహస్యం, దాంతోపాటు తన రహస్యం, వీధిలో పడుతుంది. పైగా తండ్రికీ తాతకూ శిక్ష వెయ్యాలి. చెప్పించకపోతే దొంగ దొరకలేదని గురవమ్మను చంపాలి. ఒట్టు పెట్టుకున్నదేమో ఈ కిరీటాల మీదే.

"నువ్వు మమ్మల్ని ఇరికించావు" అన్నాడు పళ్ళ మధ్యనుంచి. "ఇప్పుడే నిన్ను బురుజు మీదికి పంపగలను."

"పంపగలరు ప్రభూ." ఎల్లమంద కిరీటంలోని మెత్తను వేలితో చూపించాడు. "కాని రేపటినుంచి ఆ మెత్తలు కుట్టడానికి ఇంకొకడు రావాలి. వాడూ చూడాలి."

రాజు బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. బురుజు మీద తలారులు ఇటే చూస్తున్నారు. గురవమ్మ తలనుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా నేల మీద పడుతున్నాయి.

"రెండో దొంగ ఎవడు?" అన్నాడు రాజు చివరికి.

ఎల్లమంద గురవమ్మ చేతుల కట్లు విప్పించి కుండ ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ ఒక్కొక్క చుట్టా తీసి ముడి చూసి వరసగా పేర్చింది. మొదట జాజికాయలంతటివి. మధ్యలో మూడు నాలుగు వెలగకాయలంతటివి. మళ్ళీ జాజికాయలు, ఎన్నో. చివర రెండు మళ్ళీ వెలగకాయలు.

"ఇదేమిటి?" అన్నాడు రాజు, మధ్యలో పెద్దదాన్ని చూపించి.

"పాప పుట్టిన మూడో నెలదండి. మహారాణి పుట్టింట్లో ఉండగా" అన్నది గురవమ్మ. "ఇవి తరవాతవి. ఈ చిన్నవి ఆగిపోయాక. ఈ చివరివి బాబు పుట్టిన మూడో నెల, నాలుగో నెల."

ఎల్లమంద ఒక వెంట్రుక తీసి రాజు అరచేతిలో పెట్టాడు. "మొదలు దగ్గర తెల్లచుక్క చూడండి ప్రభూ. కోసిన వెంట్రుకకు అది ఉండదు. పండిన ఆకు తొడిమెతో సహా రాలినట్టు, ఇది దానంతట అది రాలింది. కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆడవాళ్ళ జుట్టు రాలడం మానేస్తుంది. ఎంత ఒత్తుగా ఉంటుందో చూస్తాంగా! బిడ్డ పుట్టిన మూడో నెలకు ఆగినవన్నీ ఒక్కసారి బయలుదేరతాయి. మన్యం జ్వరం పడి లేచినవాళ్ళకూ ఇంతే, మూడో నెలలోనే. మళ్ళీ వాటంతట అవే వస్తాయి. నూనె రాసినా వస్తాయి, రాయకపోయినా వస్తాయి. మొదటి దొంగ వేరు. అతను నుదుటినుంచి, నడినెత్తినుంచి పట్టుకుపోతాడు, పట్టుకుపోయింది తిరిగి ఇవ్వడు."

"ఈ దొంగ మటుకు ఇస్తాడంటావు. ఎవడు వీడు?"

"తెర వెనక ఉయ్యాలలో ఉన్నాడు ప్రభూ. నాలుగు నెలలవాడు. ఇప్పుడే పాలు తాగి పడుకున్నాడు. భటుల్ని పంపమంటారా?"

ఎవరూ కదలలేదు. నవ్వాలో వద్దో ఎవరికీ తెలియడం లేదు.

ఎల్లమంద చేతులు జోడించి కొనసాగించాడు. "గుండు సంగతి చింతలేదు. మాఘమాసంలో పుట్టువెంట్రుకలు ఎలాగూ నేనే తియ్యాలి. బురుజు మాటే, తమరు సెలవివ్వాలి."

అప్పుడు తెర వెనకనుంచి రాజమాత గొంతు వినబడింది. పదేళ్ళుగా దర్బారులో ఆవిడ నోరు విప్పలేదు. "నాయనా, నువ్వు పుట్టినప్పుడు నా జడ ఎలుకతోకంత అయింది. ఆ లెక్కన ముందు నిన్ను తోయించాలి."

దర్బారులో అక్కడక్కడా దగ్గులు వచ్చాయి.

"ఇంకొక మాట" అన్నదావిడ. "ఎల్లమందా, ఆ కిరీటాలు అలా వెల్లకిలా పెట్టి ఉంచకు. పెద్దరాజుగారికి నెత్తిన చలి వేస్తుంది."

దర్బారుకు ఆ మాట అర్థం కాలేదు. అర్థమైంది ఇద్దరికే. ఎల్లమంద తల వంచుకున్నాడు. రాజు తండ్రి కిరీటంలోని అరిసెంత మెత్తకేసి చూశాడు. చలికి తలపాగా మీద తలపాగా చుట్టుకుని తిరిగిన తండ్రి గుర్తొచ్చాడు కాబోలు. ముందు భుజాలు కదిలాయి. తరవాత పొట్ట కదిలింది. తరవాత ఉద్దండభూపతి బల్ల పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేటట్టు నవ్వాడు. ఆయన ఆగాక దర్బారు మొదలుపెట్టింది. ఎందుకు నవ్వుతున్నారో సగంమందికి తెలియదు. తలారులు ఏమీ తోచక బురుజు దిగిపోయారు.

"దొంగలు దొరికారు" అన్నాడు రాజు, కళ్ళు తుడుచుకుంటూ. "ఒకడు మా శిక్షకు అందనంత దూరం పోయాడు. ఒకడు మా శిక్షకు అందనంత చిన్నవాడు. గురవమ్మను విడిచిపెట్టండి. భట్టుగారూ, మిగిలిన ఎలుగుబంటి కొవ్వంతా మీరు తీసుకుపోయి, మీ తలకే రాసుకోండి. మొలిచాక వచ్చి కనబడండి."

తన చేతి కంకణం తీసి ఎల్లమంద చేతికి తొడిగాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"సోమవారాలు ఆ కత్తులవాళ్ళను గది బయట పెట్టించండి ప్రభూ. గోడకేసి నిలబడి నిలబడి వాళ్ళ మెడలు పట్టేస్తున్నాయి."

రాజు మళ్ళీ నవ్వాడు. ఎల్లమంద భార్య దగ్గరికి వెళ్ళి తడిజుట్టు పిండి ముడి వేశాడు. ఇప్పుడు వణికాయి అతని వేళ్ళు.

గురవమ్మ మెడ తిప్పకుండానే అన్నది. "కాసిని వేణ్ణీళ్ళు దొరకలేదా నీకు? ఇంత చల్లటివి పోశావు."

* * *

మాఘమాసం వచ్చేసరికి మహారాణి నుదుటి మీద కొత్త వెంట్రుకలు వేలెడంత పొడుగున నిక్కి నిలబడ్డాయి. ఎంత దువ్వినా అణగవు. గురవమ్మ వాటిని చూసి మురిసిపోయేది. రాజుగారి నెత్తిన మాత్రం ఏ మార్పూ లేదు. ఎల్లమంద కిరీటంలో ఇంకొక వరస దూది కుట్టాడు.

పుట్టువెంట్రుకల ముహూర్తానికి రాజే బాబును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎల్లమంద తల తడిపి, కత్తి ఆనించి, మెల్లగా గీస్తున్నాడు. రాజు వంగి అతని చెవిలో అడిగాడు.

"నువ్వు నాలుగు తరాల తలలు ఎరిగినవాడివి. నిజం చెప్పు. వీడికైనా జుట్టు నిలుస్తుందా?"

"కిరీటం కింది సంగతి నేను చెప్పకూడదు కదా ప్రభూ."

"వీడికింకా కిరీటం లేదుగా."

ఎల్లమంద బాబు నెత్తి తడిగుడ్డతో తుడిచి, గంధం రాసి అన్నాడు. "అది వచ్చేదాకా ఏమీ ఢోకా లేదు ప్రభూ."

రాజు పకపకా నవ్వాడు. ఒళ్ళో నున్నటి తలవాడు కూడా, తండ్రిని చూసి బోసినోటితో నవ్వాడు. ఉద్దండభూపతి రెండో చేతి కంకణం కూడా తీసి ఎల్లమంద పొదిలో వేశాడు.